తువ్వాలు భుజమెక్కింది

ఒక్క తువ్వాలు చాలు. అది భుజం మీద ఉంటే నేను కామందుని. నడుముకి చుడితే పాలేరుని. తలకి చుడితే మేస్త్రీని. రెండు చేతులా పట్టుకుని వంగితే ఓట్లడగడానికొచ్చిన నాయకుణ్ణి. మనిషిని నేనొక్కణ్ణే. గొంతు నాదే, మొహం నాదే. తువ్వాలు చోటు మారితే కులం మారిపోతుంది. 'వీడిప్పుడు ఎవరు?' అని చూసేవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. అందరికీ తెలుసు. నేను ఫోన్లో తీసే నవ్వు వీడియోలకి వేషాలు ఇంతే, సెట్టింగులు ఇంతే.

ఈ విద్య నాకు ఏ సినిమా స్కూలూ నేర్పలేదు. మా నాన్న నేర్పాడు. నేర్పుతున్నానని ఆయనకీ తెలియదు. పొలం నుంచి వస్తా ఉంటే తువ్వాలు భుజం మీద ఉండేది. మలుపు దగ్గర ఆసామి అరుగు కనపడగానే చెయ్యి దానంతటదే లేచి తువ్వాల్ని లాగి చంకలో పెట్టుకునేది. అరుగు దాటాక మళ్ళీ భుజమెక్కేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వెనకాల నడుస్తా అది చూసి పకపకా నవ్వాను. ఇంటికెళ్ళాక నా వీపు పగిలింది. "నవ్వుతావురా? ఆళ్ళు చూస్తే?" అన్నాడు. చూస్తే ఏమయిద్దో చెప్పలేదు. చెప్పే పని లేదు. మాది కంచికచర్ల మండలం.

కంచికచర్ల అంటే బయటివాళ్ళకి బెజవాడ-హైదరాబాదు రోడ్డు మీద బస్సు ఆగే చోటు. పత్తి, మిరప, పరిటాల వైపు కంకర క్వారీలు. మాకు కంచికచర్ల అంటే కోటేసు. 1968లో దొంగతనం మోపి, కట్టేసి, బతికున్న దళిత యువకుణ్ణి తగలబెట్టారు. కారంచేడుకి పదిహేడేళ్ళ ముందు. చుండూరుకి ఇరవై మూడేళ్ళ ముందు. మా నాయనమ్మ ఆ కబురు విన్న మనిషి. ఆ తర్వాత ఆమె బిడ్డలకి, మనవళ్ళకి నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: "ఆళ్ళ ముందు పళ్ళు కనపడనీమాకరా." తల వంచుకోమని కాదు, చేతులు కట్టుకోమని కాదు. అవెటూ చేస్తాం. నవ్వొద్దని. నవ్వితే దేనికి నవ్వావని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు ఉండదు.

ఆ మంటని కవిత్వంలోకి తెచ్చినవాడు మా కంచికచర్ల వాడే, కలేకూరి ప్రసాద్. 'పిడికెడు ఆత్మగౌరవం కోసం' రాసినవాడు. 2013లో వెళ్ళిపోయాడు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' లాంటి సంకలనాలు చదివిన అన్నలే నాకు చదువు చెప్పారు. వాళ్ళలో ఒకాయన ఈమధ్య ఒక సభలో నా భుజం మీద చెయ్యేసి అన్నాడు: "తమ్ముడూ, కోటేసు ఊరివాడివి. కలేకూరి ఊరివాడివి. ఈ కోతి వేషాలేంట్రా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ పళ్ళు కనపడకుండా నవ్వాను. ఆరోజు జవాబు చెప్పలేకపోయాను. ఈ నాలుగు కాగితాలు ఆ జవాబు.

అన్నా, ముందు కోతి ఎవరో తేల్చుకుందాం.

మా ఊరి తిరునాళ్ళకి హరిశ్చంద్ర నాటకం వేసేవాళ్ళు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. తెల్లారుజామున కాటిసీను వచ్చేది. శ్మశానం మీద జాషువా రాసిన పద్యాలు ఆ సీన్లో కలిసిపోయి ఎన్నో ఏళ్ళయింది. నటుడు రాగం తీస్తే ఊరు ఊరంతా వన్స్‌మోర్. జాషువా పద్యం కావాలి, జాషువా పద్యానికి నోట్లు గుచ్చాలి. జాషువాని అంటరానివాడన్నది కూడా ఇలాంటి ఊళ్ళే. అదే సీన్లో వీరబాహుడొస్తాడు. కాటికాపరుల పెద్ద. కథలో హరిశ్చంద్ర మహారాజుని డబ్బిచ్చి కొన్నవాడు. అంతటి మనిషి. కానీ నేను చూసిన ప్రతి నాటకంలోనూ వాడు తూలుకుంటా వచ్చేవాడు. కల్లుముంత పట్టుకుని, మా వాడ యాసలో పిచ్చి కూతలు కూసేవాడు. ఊరంతా విరగబడి నవ్వేది. గడ్డివాము వెనక కూర్చుని మేమూ నవ్వేవాళ్ళం. మా మీద వాళ్ళు నవ్వితే మేమూ శృతి కలిపాం. ఇప్పటికీ నన్ను తొలిచేది అదే.

సినిమా వచ్చాక వీరబాహుడు పాలేరయ్యాడు. హీరోగారి వెనక గొడుగు పట్టుకుని, తన్నులు తిని, తన్నులు తిన్నందుకే నవ్వు పుట్టించేవాడు. వాడికి ఇంటిపేరుండదు, ఇల్లుండదు. వాడి యాసే జోకు. ఆ యాస మా అమ్మ నాకు అన్నం పెట్టిన యాస.

సాక్షాత్తూ అంబేడ్కర్‌కే ఈ నవ్వు తప్పలేదు. 1949లో శంకర్ వేసిన కార్టూన్ ఒకటుంది. నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడా పట్టుకుని నెహ్రూ, చుట్టూ నవ్వుతున్న జనం. రాజ్యాంగం ఆలస్యమవుతోందని వ్యంగ్యం. దాన్ని పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో పెడితే 2012లో పార్లమెంటులో గొడవైంది. మేధావులు మనకి బుద్ధులు చెప్పారు: నవ్వుని నవ్వుగా తీసుకోవాలట, దళితులకి హాస్యం అర్థం కాదట. 2019లో ఉన్నమతి శ్యాం సుందర్ 'నో లాఫింగ్ మేటర్' పుస్తకం తెచ్చాడు. ఆ రోజుల ఇంగ్లీషు పత్రికలు అంబేడ్కర్ మీద వేసిన కార్టూన్లు వందకి పైగా ఏరి ఒకచోట పెట్టాడు. అవన్నీ వరసగా చూస్తే గాని అర్థం కాదు, ఒక్క నత్త కాదు, ఒక్క కొరడా కాదు అని. కొరడా పట్టుకున్నవాడి పక్కన నిలబడి నవ్వడం తేలిక. కొరడా కింద ఉన్నవాణ్ణి కూడా నవ్వమనడం అన్యాయం. మాకు హాస్యం అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే కోపమొచ్చింది.

కాబట్టి అన్నా, నవ్వు తేలికైన సరుకు కాదు. నిప్పు ఒకళ్ళ చేతిలోనే ఉన్నట్టు నవ్వు కూడా ఇన్నాళ్ళూ ఒకళ్ళ చేతిలోనే ఉంది.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. నెట్టు చవకైంది. మా వాడలో ఫోన్లు వచ్చాయి. మిరపకాయల కోతకెళ్ళి, ఆ కూలి డబ్బులు కూడబెట్టి ఆరు వేల ఐదొందలకి ఫోను కొన్నాను. టిక్‌టాక్‌లో మొదలుపెట్టాను. 2020 జూన్ 29న దాన్ని ప్రభుత్వం నిషేధిస్తే యూట్యూబుకీ రీల్సుకీ మారాను. అప్పటికే తెలంగాణలో జగిత్యాల వైపు లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' వాళ్ళు 2012 నుంచీ వీడియోలు తీస్తున్నారు. వ్యవసాయ కూలీ గంగవ్వ వాటితో రాష్ట్రాలు దాటి పేరు తెచ్చుకుంది, 2020లో బిగ్‌బాస్‌కి కూడా వెళ్ళింది. ఆమెని చూసి నాకు ధైర్యమొచ్చింది. స్టూడియో అక్కర్లేదు, పల్లె చాలు అనుకున్నాను. తర్వాత తెలిసింది, నాకు పల్లె ఒకటి కాదు, రెండని. ఊరు, వాడ. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెని నెత్తికెత్తుకోవద్దన్నాడు, అది సంకుచితత్వాల గుంట అన్నాడు. పల్లె అందాల వీడియోలు చూసినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. కెమెరా ఏ వైపు నిలబడింది? చెరువు గట్టు మీదా? గట్టు కిందా?

మా బొమ్మ బాగోదంటారు. నిజమే. ఫోన్ని వాసానికి రబ్బరు ముక్కతో కడతాం. లైటు మా బాబాయి బండి హెడ్‌లైటు. గాలి కొడితే మాట వినపడదు, అందుకని దుప్పటి ముసుగేసుకుని మళ్ళీ గొంతు రికార్డు చేస్తాం. మధ్యలో గేదె అరిస్తే అరిచింది. రీటేకు చెయ్యం. రీటేకుకి ఆ పూట కూలి ఎవడిస్తాడు? కళ లేదనే పెద్దలారా, కళకి పొద్దు పట్టిద్ది. మా పొద్దు మీ పొలాల్లో గడిచిపోయింది.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. మొదట్లో నేను తీసినవేంటి? తాగి తూలే మామయ్య. చీర కట్టుకుని నేనే వేసిన మా అమ్మ వేషం, కుళాయి దగ్గర బిందెల పోట్లాట. బూతులు, జుట్లు పట్టుకోవడాలు. విరగబడి చూశారు. నలభై వేల మంది. ఊళ్ళో కుర్రాళ్ళు బండి ఆపి చెయ్యి కలిపారు. "మీవాళ్ళని భలే దించావు బ్రో, మీవాళ్ళింతే" అని కామెంట్లు. ఆ 'మీవాళ్ళింతే' దగ్గర నాకు వెలగాలి. వెలగలేదు. లైకుల మత్తు అలాంటిది. కల్లుముంత లేకుండానే వీరబాహుణ్ణయ్యాను.

అమ్మ చూసింది. ఎవరో ఫోన్లో చూపించారు. తిట్టలేదు. అన్నం పెడతా అడిగింది: "నీళ్ళ కోసం నేను పోట్లాడింది ఆళ్ళకి నవ్వులాటయిందా? ఊళ్ళో కుళాయి ఎన్ని గంటలొచ్చిద్ది, మనకెన్ని గంటలొచ్చిద్ది? అది తీసావా?"

నేను తియ్యలేదు. పోట్లాట తీశాను, పోట్లాట పెట్టిందెవరో తియ్యలేదు. మర్నాడు అదే తీశాను. ఊళ్ళో కుళాయి కింద దున్నపోతు తీరిగ్గా స్నానం చేస్తుంటే, వాడలో బిందె పక్కన గడియారం పెట్టుకుని మా అమ్మ కూర్చుంది. మాట ఒక్కటీ లేదు. ఎనిమిది వందల మంది చూశారు. నలభై వేలు ఎక్కడ, ఎనిమిది వందలు ఎక్కడ! మనల్ని మనం తిట్టుకుంటే ఫోను మనల్ని ఊరేగిస్తుంది. తువ్వాలు భుజానికెక్కిస్తే మూల కూర్చోబెడుతుంది. వాడల్లో ఫోను పట్టుకున్న తమ్ముళ్ళకి ఇదే చెప్తున్నా. పక్క పేట కులం మీద, నల్లగా ఉన్న పిల్ల మీద, చర్చి పాస్టరు ఇంగ్లీషు మీద జోకులేసి లక్షలు తెచ్చుకోవచ్చు. ఆ లక్షలు ఊరు మనకి పడేసే ఆఖరి బంతి విస్తరాకులు.

ఆఖరి బంతి అన్నాను గదా. ఇప్పుడు ఆ కథ.

2023లో 'ఆఖరి బంతి' అని ఒక వీడియో తీశాను. పైన బ్యాటు బొమ్మ పెట్టాను. క్రికెట్టనుకుని జనం నొక్కారు. తీరా చూస్తే పెళ్ళి భోజనం. కామందు గారింట్లో పెళ్ళి. పాలేరు కుటుంబానికి కూడా పిలుపుంది, కానీ ఆఖరి బంతిలో. వెనకనుంచి నేను క్రికెట్టు కామెంటరీ చెప్తుంటాను: మొదటి బంతి వేశారు, బంధువులు బౌండరీ కొట్టారు. రెండో బంతి, పక్కూరి పెద్దలు. మూడో బంతి, పనిచేసే వంటవాళ్ళు. మనవాళ్ళు ఇంకా పెవిలియన్‌లోనే, అంటే గొడ్లచావిడి దగ్గరే. ఎండ మండుతోంది, పిచ్ పొడిబారింది, పిల్లవాడి కడుపు కూడా. పెరుగు అయిపోయింది, అంపైరు చెయ్యి ఊపేశాడు. ఆఖరి బంతి పడేసరికి వెలుతురు లేదని ఆట ఆపేశారు. మూడు నిమిషాలు. అంతే.

ఎవరి పేరూ లేదు. ఏ ఊరూ లేదు. ఏ కులం మాటా లేదు. భుజం మీద తువ్వాలు ఉంది, అంతే. అయినా మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది, 'మా పెళ్ళి మీద తీస్తాడా?' అని. నేనెవరి పెళ్ళి మీదా తియ్యలేదు. కానీ ప్రతివాడికీ అది వాళ్ళింటి పెళ్ళిలాగే కనపడింది. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఏముంది?

మా నాన్న రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. ఆ కౌలు సంగతి కూడా కబుర్లోనే ఉంది. రాత్రి నాన్న నా మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తువ్వాలు చేతిలో ఉంది. నా ముందు కూడా భుజం మీద లేదు. "తీసెయ్యరా. కౌలు పోయిద్ది" అన్నాడు. తీసేశాను. ఆ బటను నేనే నొక్కాను. వాళ్ళ మనోభావాలు గాయపడ్డాయని క్షమాపణ కూడా రాశాను. నా జీవితంలో నేను రాసిన అన్నిటికంటే పెద్ద అబద్ధం అదే.

కౌలు ఉందా? లేదు. ఆ ఏడే వేరేవాళ్ళకిచ్చారు. వీడియో తీసేసినా ఇచ్చారు. మిత్రులారా, ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. నోరు మూసుకుంటే ఏదో మిగులుతుందని మన పెద్దలు తరతరాలుగా నమ్మారు. భయంతో నమ్మారు, వాళ్ళని తప్పు పట్టను. కానీ లెక్క చూడండి. మూసుకున్న నోటికి ఏ కౌలు మిగిలింది? ఏ బంతిలో ముందుకు జరిగాం?

వీడియో పోయింది గాని దాని కింద పెట్టిన కామెంట్లు నా ఫోన్లో ఫోటోలుగా ఉన్నాయి. కులం పేరు పెట్టి మా అమ్మని తిట్టినవి. వాటిని తీసుకుని ఒక స్టేషనుకెళ్ళాను. ఏ స్టేషనో రాయను, అన్ని చోట్లా అదే బల్ల. అత్యాచారాల నిరోధక చట్టం 1989ది. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమలు చేశారు. అందులో 3(1)(ఆర్), 3(1)(ఎస్) ఉన్నాయి. నలుగురికీ కనపడేచోట కావాలని అవమానించడం, కులం పేరుతో తిట్టడం నేరం. ఇంటర్నెట్టు కూడా నలుగురికీ కనపడే చోటే అని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఇవన్నీ కాగితం మీద రాసుకెళ్ళాను. బల్ల వెనక మనిషి కాగితం చూడలేదు. నా మొహం చూసి అడిగాడు: "ఆదివారం ఎక్కడికెళ్తారు?"

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ ప్రశ్న నేను రాసిన డైలాగే. బెజవాడలో గది అద్దెకడిగే కుర్రాడి మీద అంతకుముందు ఒక వీడియో తీశాను. 'మీరేమిట్లు?' అని దాని పేరు. ఇంటి ఓనరు కులం అడగడు, మర్యాదస్తుడు. ఇంటిపేరడుగుతాడు. ఊళ్ళో ఇల్లు ఏ వైపని అడుగుతాడు. నీచు వండుతారా అని అడుగుతాడు. ఆఖరికి ఆదివారం ఎక్కడికెళ్తారని అడుగుతాడు. నేను వేసిన వెటకారం నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది, యూనిఫారంలో. చర్చికెళ్తామంటే మేం ఎస్సీలం కాదట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అలా ఉంది. క్రైస్తవంలోకి మారి ఆచరిస్తున్నవాళ్ళు ఈ చట్టం రక్షణ అడగలేరని 2025లో మన రాష్ట్ర హైకోర్టు కూడా చెప్పింది. తిట్టేవాడు మాత్రం మా మతం అడిగి తిట్టలేదు. బంతిలో ఆఖరున కూర్చోబెట్టేవాడు బాప్తిస్మం కాగితం చూడలేదు. తిట్టు పడేదాకా మేం మాలలం, మాదిగలం. కేసు పెట్టేటప్పటికి ఎవరమూ కాము. దీనికంటే పెద్ద కామెడీ నేను తియ్యగలనా?

కేసు కట్టలేదు. బయటికొచ్చాక నా కాళ్ళు వణికాయి. కానీ నవ్వు మాత్రం ఆగలేదు. ఆ రోజు నాకు తెలిసింది నవ్వు ఎందుకు కావాలో. ఏడిస్తే ఆ బల్ల వెనక మనిషి జాలి పడేవాడు. జాలి పడి కూడా కేసు కట్టేవాడు కాదు. కోప్పడితే లోపల వేసేవాడు. నవ్వితే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. "ఎందుకు నవ్వుతున్నావ్?" అన్నాడు. మా నాయనమ్మ యాభై ఏళ్ళు భయపడిన ప్రశ్న అది. నేను జవాబు చెప్పాను: "మీరడిగింది నా వీడియోలో ఉంది సార్."

అన్నా, సభలో నువ్వడిగిన దానికి ఇదే జవాబు. పాట మానమని, పద్యం మానమని నేననను. కలేకూరి అక్షరం లేకపోతే నాకు కోటేసు ఎవరో తెలిసేది కాదు. కానీ మన బాధని మాత్రమే సాహిత్యమనే అలవాటు ఎవరు చేశారో ఆలోచించు. మన శవాల మీద కవిత్వం రాస్తే వాళ్ళూ కళ్ళు తుడుచుకుంటారు, అవార్డులిస్తారు. వాళ్ళ అరుగు మీద జోకేస్తే కౌలు తీసేస్తారు. ఏది గుచ్చుకుంటుందో వాళ్ళకి తెలుసు. మనకే తెలియలేదు.

పంటలు అయిపోయాక, చేతిలో పొలం లేక నాన్న ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. "ఆ బంతి వీడియో ఇంకా ఉందా?" అన్నాడు. ఉంది నాన్నా, ఫోన్లో ఉంది అన్నాను. "పెట్టు" అన్నాడు. కాసేపాగి, "అందులో కామందు వేషం బాలేదు. తువ్వాలు వేసుకునేది అట్టా కాదు" అన్నాడు. లేచి, నా చేతిలో తువ్వాలు తీసుకుని, మడత పెట్టి, దులిపి, భుజం మీద వేసుకుని వీధిలో నాలుగడుగులు వేసి చూపించాడు. గెడ్డం పైకెత్తి, చెయ్యి వెనక్కి పెట్టి. అరవై ఏళ్ళు కింద నుంచి చూసిన మనిషి గదా, ఒక్క వెంట్రుక తప్పు పోలేదు. వాడంతా అరుగుల మీదకొచ్చి నవ్వింది. మా నాయనమ్మ లేదు గాని, ఉంటే ఆమె పళ్ళు కూడా కనపడేవి.

'ఆఖరి బంతి' మళ్ళీ పెట్టాం. ఈసారి కామందు మా నాన్న. బొమ్మ బాగోలేదు, గేదె అరిచింది. తీసెయ్యమని మళ్ళీ కబురొచ్చింది. తియ్యం.